తెర మీద మూడేళ్లు

మే 8, 1938. ఆదివారం. ఏలూరు.

ఇవాళ గుడిలో మా పెళ్లి ప్రకటన మొదటిసారి చదివారు. పాస్టరు అయ్యగారు కళ్లజోడు సర్దుకుని, "మన సంఘస్థులు దేవసహాయం గారి కుమార్తె రత్నకుమారికిని, తాడేపల్లిగూడెం సంఘస్థుడు ఇమ్మానుయేలుకును వివాహము నిశ్చయమైనది. ఎవరికైనను అభ్యంతరమున్న తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన" అన్నారు. ఆడవాళ్ల వైపు తలలన్నీ ఒక్కసారి నా మీదికి తిరిగాయి. పాపమ్మత్తయ్య తల దించుకోమని మోచేతి మీద గిల్లింది. నేను దించలేదు. నా పెళ్లి కబురు చదువుతుంటే నేను వినొద్దూ?

ఇంకో రెండు ఆదివారాలు ఇలాగే చదివితే, జూన్ మొదటి వారంలో పెళ్లి.

ఉంగరాలు మార్చుకుని ప్రధానం జరిగి మూడేళ్లయింది. మొదట ఆయన ట్రైనింగ్ పూర్తి కావాలన్నారు. తర్వాత చెల్లెలి పెళ్లన్నారు. ఆ తర్వాత గూడెం స్కూల్లో హెడ్మాస్టరు పని ఖాయం కానీ అన్నారు. వాయిదా వేసినప్పుడల్లా ఒక ఉత్తరం రాశారు. అలాంటి ఉత్తరాలు ఈ జిల్లాలో ఇంకే ఆడపిల్లకూ వచ్చి ఉండవు. ఒక్కో ఉత్తరం కోసం ఒక్కో ఏడాది ఆగొచ్చు అనిపించేది.

నాకేమీ కోపం లేదు.

మే 9.

ఆయన ఇచ్చిన నవల మళ్లీ చదివాను. ఎన్నోసారో తెలియదు. నాయకుడు ప్లీడరు చదువుకని మద్రాసు వెళ్తాడు. నాయిక కాలవ రేవులో కూర్చుని ఎదురుచూస్తుంది. "మూడు వత్సరములు గడిచెను. ఆమె నిరీక్షించుచునే యుండెను." అక్కడికి వచ్చేసరికి నాకు ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది. ఇమ్మానుయేలు గారు ఆ రెండు వాక్యాల కింద పెన్సిల్‌తో గీత గీసి, "ఇందులో ఉన్నది నువ్వే" అని పక్కన రాశారు.

నేను పాఠాలు చెప్పే స్కూలు బోర్డింగు పిల్లలకు కిందటి మార్చిలో ఈ నవల చదివి వినిపించాను. అందరూ ముక్కులు ఎగబీల్చారు. బోర్డింగుకు చేపలు తెచ్చే గంగారత్నం కొల్లేటికోట మనిషి. గంప దించి వరండాలో కూర్చుని తనూ వింది. "ఆ పిల్ల సచ్చిపోతే బాగుండును పంతులమ్మగారూ. అప్పుడు సుబ్బరంగా ఏడవొచ్చు" అంది. నాయిక చివరికి చనిపోయింది. గంగారత్నం సుబ్బరంగా ఏడిచి, గంపెత్తుకుని వెళ్లిపోయింది.

మే 11.

అదే నవల టాకీగా తీశారట! ఊళ్లోకి వచ్చింది. ఎడ్లబండి మీద బొమ్మ పెట్టి, బాకా ఊదుకుంటూ మా వీధిలోంచే తిప్పారు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? రెండు ఆదివారాలు ఓపిక పట్టవే. పెళ్లయ్యాక మీ ఆయనే వద్దంటాడు, గొడవుండదు" అంది అత్తయ్య. టాకీకి వెళ్లేవాళ్లకు గుడిలో రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారపు బల్ల దగ్గర చోటు లేదని సంఘపెద్దలు కిందటేడే తీర్మానం చేశారు. చదివితే తప్పు లేని కథ చూస్తే తప్పెలా అవుతుందో ఆ తీర్మానంలో రాయలేదు.

నేను వెళ్తున్నాను. ఇమ్మానుయేలు గారికి ప్రాణమైన పుస్తకం. చూసి వచ్చి ఆయనకు వివరంగా రాస్తే సంతోషిస్తారు. వెళ్లేది అందుకే.

మే 12.

ఏం రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

ఆడవాళ్ల వైపు నేల మీద కూర్చున్నాం. గంగారత్నం, వాళ్ల కొల్లేటికోట నుంచి పడవల మీద వచ్చిన ఆడవాళ్లు, ఒళ్లో పిల్లలు, వేరుశనగ తొక్కలు. మధ్యలో చిరుగుల గుడ్డ తెర కట్టి అవతల మగవాళ్లు. ఒక రీలు అవగానే దీపాలు వెలిగిస్తారు, ఇంకో రీలు ఎక్కించేదాకా. ఏడుస్తున్నవాళ్లంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకోవడం, మళ్లీ చీకటి.

నాయకుడు బాగానే ఉన్నాడు. పాడాడు, రైలెక్కాడు. ఇక ఆ మూడేళ్లు వచ్చాయి. పుస్తకంలో రెండే వాక్యాలు. రెప్ప వేసేలోగా అయిపోయేవి, ఆ తర్వాత పేజీలన్నీ మద్రాసులో నాయకుడి గుండె ఎంత బరువెక్కిందో. తెర మీద మద్రాసు లేదు, ఆయన గుండె లేదు. ఆవిడ ఒక్కతే ఉంది. రేవులో కూర్చుంది. వానొచ్చింది, కూర్చుంది. ఎండొచ్చింది, కూర్చుంది. నాలుగు చరణాల పాట పాడింది, అందులో ప్రతి చరణానికీ కొంచెం చిక్కింది. మెడ మీద చెమట కనిపిస్తోంది. మోకాళ్లు నొప్పెట్టాయేమో, కాలు మార్చి కూర్చుంది. కాలు మార్చి కూర్చుంటుందని పుస్తకంలో ఎక్కడా లేదు.

నాకు గొంతు పూడుకుపోలేదు. ఒళ్లు మండింది.

పుస్తకంలో ఒక పడవవాడు ఉంటాడు. "నావికుడు లేఖ నొసంగి పోయెను" అని ఎక్కడో ఒకచోట. తెర మీద వాడు వారం వారం వస్తాడు! నల్లటివాడు, ముందు పన్ను ఒకటి లేదు. ఉత్తరం లేకపోతే లేదని చెప్పడానికి కూడా వస్తాడు. బియ్యం మూట తెచ్చి గట్టు మీద పెడతాడు. "తిన్నావా అమ్మాయిగోరూ" అని అడుగుతాడు. ఆవిడ వాడి వైపు చూడదు, రైలు వెళ్లిన దారే చూస్తుంది. వాడు వచ్చినప్పుడల్లా ఆడవాళ్లంతా ఈలలొక్కటే తక్కువ.

"ఎక్కెయ్యవే! పడవెక్కెయ్!" అని గంగారత్నం అరిచింది. పుస్తకంలో అదే పిల్ల చావాలని కోరుకున్న మనిషే. తెర మీద చావనివ్వదట. "కళ్లెదురుగా కూకుంటే ఎలా సావనిత్తామండీ?" అంది నాతో.

అప్పుడు ఇంకెవరో అరిచారు. "ఆయన రాడు! లేచి అన్నం తిను!" అని. గొంతు చాలా పెద్దది, క్లాసులో వెనక బెంచీ దాకా వినిపించే గొంతు. రీలు అయిపోయి దీపాలు వెలిగాయి. అందరూ నా వైపే చూస్తున్నారు.

అరిచింది నేనే.

మే 13.

ఇమ్మానుయేలు గారికి రాయడం మొదలుపెట్టి, చించేశాను. టాకీ బాగుంది అని మాత్రం రాశాను. అదీ పంపలేదు.

మే 14.

అత్తయ్యకు కథంతా చెప్పించుకునేదాకా నిద్ర పట్టేట్టు లేదు. పొద్దున్న కూర తరుగుతూ మొదలుపెట్టింది. "టాకీ కథ నాకొద్దమ్మా, పాపం" అంటూనే, "ఆఁ, తర్వాత?" అంటోంది. నాయకుడు తిరిగొచ్చి నాయికను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తాడని చెబితే, ఆవిడ వంకాయ పక్కన పెట్టి అడిగింది కదా:

"ఇంతకీ ఆ పడవవాడికి పెళ్లయిందా?"

చదివితే ఉత్తరాలు రాసేవాడే కావాలనిపిస్తుంది. చూస్తే వచ్చి నిలబడేవాడు కావాలనిపిస్తుంది. పుస్తకంలో దూరంగా ఉన్నవాడి మనసులోకి మనం వెళ్లగలం. తెర మీద వాడు లేకపోతే లేనట్టే. నా బుర్రకు ఇంతకు మించి తోచలేదు.

బతుకులో ఎలాంటివాడు కావాలో ఆలోచించడం లేదు. ప్రకటన ఒకసారి అయిపోయింది.

మే 15. ఆదివారం.

రెండోసారి చదివారు. ఆరాధన అవగానే నన్నూ నాన్నగారినీ పక్క గదిలోకి పిలిచారు. అయ్యగారు ఇబ్బందిగా కిటికీలోంచి చూస్తున్నారు. మాట్లాడింది సంఘపెద్ద వరదానం గారు.

"మన స్కూలు పంతులమ్మ, రేపోమాపో హెడ్మాస్టరు భార్య, టాకీకి వెళ్లిందని తెలిసిందండీ. వెళ్లడమే కాదు, కేకలు కూడా వేసిందట."

"వెళ్లానండీ. వేశానండీ" అన్నాను.

"చూశారా దేవసహాయం గారూ, సిగ్గైనా లేదు. పరాయి మగవాడి ఒళ్లో తల పెట్టుకుని చచ్చిపోయే ఆడదాన్ని చూడ్డానికి వెళ్లింది. ఆ పడవవాడు గట్టు మీద దీపం పెట్టి వెళ్లిపోతుంటే ఆడవాళ్లంతా శోకండాలు! ఇదేనా మన సాక్ష్యం?"

నాన్నగారు నెమ్మదిగా తలెత్తారు. "దీపం పెట్టేది ఎప్పుడండీ?"

"ఆఖర్నండీ. ఆవిడ పోయాక."

"అంటే ఆఖరిదాకా ఉన్నారన్నమాట మీరు" అన్నారు నాన్నగారు.

వరదానం గారి మొహం కందగడ్డ అయింది. "సంఘస్థులెవరైనా వస్తారేమో కనిపెడదామని వెళ్లానండీ!"

"మరి మొదటి రీలులోనే నేను కనిపించాను కదండీ. రీలు రీలుకీ దీపాలు వెలిగించారు" అన్నాను.

"ఆలస్యంగా వచ్చేవాళ్లూ ఉంటారు కదమ్మా" అన్నారు ఆయన, నిజంగా, నవ్వకుండా.

తీర్పు మాత్రం నా మీదే వచ్చింది. వచ్చే ఆదివారం సంఘమంతటి ముందూ మోకరించి క్షమాపణ అడగాలి. అడిగితేనే మూడో ప్రకటన. లేకపోతే పెళ్లి ఆగిపోతుంది, జూన్‌లో బడి తెరిచాక నా ఉద్యోగం సంగతి కూడా ఆలోచిస్తారట.

దారిలో నాన్నగారు ఒక్క మాటే అన్నారు. "నీ ఇష్టం అమ్మాయీ." ఆయన ముప్పయ్యేళ్లు ఆ గుడిలో వాక్యం చెప్పే ఉపదేశిగా చేశారు. ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు.

మే 16.

ఇమ్మానుయేలు గారికి అన్నీ రాశాను. ఏదీ దాచలేదు. ఆయన అర్థం చేసుకుంటారు. చదువుకున్నవాళ్లు. నవలలు చదివేవాళ్లు.

మే 18.

వచ్చారు! ఉత్తరం రాయలేదు, మనిషే వచ్చారు. ఇస్త్రీ చేసిన కోటు, చేతిలో గొడుగు. ఆయన గుమ్మంలో నిలబడితే నేను జడ సర్దుకోవడానికి లోపలికి పరిగెత్తాను. రాసుకుంటే తప్పేముంది, ఆయనంటే నాకు ప్రేమ. మూడేళ్లుగా ప్రేమ. అత్తయ్య మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్లి తలుపు చాటున నిలబడింది.

"నాకు బాధేసింది రత్నం. మన నవలను ఆ గుంపులో కూర్చుని చూశావా?"

"బాగుందండీ. మీరూ చూడాల్సింది."

"చదివేటప్పుడు మనం ఒంటరిగా ఉంటాం. మనసు నిర్మలంగా ఉంటుంది. అక్కడేముంది? చెమట, కేకలు."

"ఒక్కదాన్నే కూర్చుని ఏడిస్తే నిర్మలం, పదిమందితో కలిసి అరిస్తే పాపమా అండీ?"

ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు చాలా ఇష్టం. "నీతో వాదించలేను. నువ్వు ఇంకా ఆ నాయికలాగే ఉన్నావు."

"ఆ పడవవాడు గుర్తున్నాడా మీకు, నవల్లో?"

"ఏ పడవవాడు?"

"ఉత్తరాలు తెచ్చేవాడు."

కాసేపు ఆలోచించారు. "అలాంటి పాత్ర ఉన్నట్టు లేదే" అన్నారు. పుస్తకం మొత్తం కంఠతా వచ్చిన మనిషి.

అప్పుడు అసలు సంగతికి వచ్చారు. హెడ్మాస్టరు పనికి స్కూలు కమిటీ ఈ నెలాఖరుకు కూర్చుంటుందట. ఏలూరు నుంచి చెడ్డ మాట ఏదీ వెళ్లకూడదట. ఆదివారం నేను వెళ్లి మోకరిస్తే గండం గడిచినట్టేనట.

"మూడేళ్లు ఎదురుచూసినదానివి, మూడు నిమిషాలు మోకరించలేవా రత్నం?" అని మెత్తగా అడిగారు. ఎంత మెత్తగా అడిగారంటే, ఇంకొంచెంలో సరేననేదాన్ని.

"మీరు నా పక్కన నిలబడతారా? నా కాబోయే భార్య, నాకోసమే వెళ్లింది అని ఒక్క మాట అంటారా? అంటే మోకరిస్తాను. వరదానం గారి కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు.

"నేనా? నేను సినిమాకి వెళ్లలేదు కదా!"

మజ్జిగ గ్లాసు కింద పెట్టి, రైలు వేళైందని లేచారు. ఆదివారం తప్పకుండా వస్తానన్నారు.

మే 19.

నాకేమీ కోపం లేదు అని రాయబోయాను. చెయ్యి రాలేదు.

మే 20.

గంగారత్నం కొరమేను తెచ్చింది. సంగతంతా దానికెలా తెలిసిందో, మా కబుర్లు కొల్లేరు దాకా కాలవలో కొట్టుకుపోతాయేమో.

"మోకరిల్లేయండి పంతులమ్మగారూ, ఏం పోద్దండీ? మా పెద్దింటమ్మ తల్లి జాతరలో ఎన్ని దండాలు పెడతామండీ. మోకాళ్లరిగిపోయాయా?" అంది.

"మీరు మొక్కేది అమ్మవారికి. నేను మొక్కాల్సింది వరదానం గారికి."

"ఆయ్, అది కష్టమేనండి" అని ఒప్పుకుంది. తర్వాత, "మాస్టారు గారు మంచోరేనా అండీ?" అని అడిగింది.

మంచివారే అన్నాను. అబద్ధం కాదు. తాగరు, కేక వేయరు, ఎవరినీ ఒక్క మాట అనరు. నన్ను కూడా ఒక్క మాట అనలేదు. నా తరఫున కూడా ఒక్క మాట అనరు.

మే 21.

అత్తయ్య నా తెల్ల చీర ఉతికి గంజి పెట్టింది. మోకరించడానికో, పెళ్లి ప్రకటనకో చెప్పలేదు. నేను అడగలేదు.

మే 22. ఆదివారం.

పొద్దుపోయింది. అయినా రాస్తాను.

గుడి నిండిపోయింది. క్రిస్మస్‌కు కూడా రానివాళ్లు వచ్చారు. మగవాళ్ల వైపు మొదటి వరసలో ఇమ్మానుయేలు గారు, పక్కన వరదానం గారు. ప్రసంగం అయింది. అయ్యగారు గొంతు సవరించుకుని, "మన సహోదరి ఒకరు సంఘాన్ని క్షమాపణ అడుగుతారు" అన్నారు.

నేను లేవలేదు.

భయపడి కాదు. ఇమ్మానుయేలు గారు లేస్తారేమోనని చూస్తున్నాను. అప్పుడు కూడా! ఎంత సిగ్గు లేని ఆశ. లేవక్కర్లేదు, వెనక్కి తిరిగి ఒక్కసారి నా వైపు చూస్తే చాలనుకున్నాను. చూస్తే నా మోకాళ్లు వాటంతటవే వంగేవి. ఆయన పాటల పుస్తకం తెరిచి కాగితాలు తిప్పుతూ కూర్చున్నారు. ఆ మెడనే చూస్తూ కూర్చున్నాను. కూర్చుని కూర్చుని కాలు తిమ్మిరెక్కింది. కాలు మార్చి కూర్చున్నాను.

అప్పుడు నా మీద నాకే ఒళ్లు మండింది.

పాపం అయ్యగారు మెత్తని మనిషి. నన్ను ఒడ్డున పడెయ్యాలనుకున్నారో ఏమో, క్షమాపణ సంగతి దాటేసి గబగబా ప్రకటన అందుకున్నారు. వరదానం గారు దగ్గుతూనే ఉన్నారు. "...అభ్యంతరమున్న తెలియజేయవలెను. ఇది ఆఖరి ప్రకటన."

లేచి నిలబడ్డాను.

"నాకు అభ్యంతరం ఉందండీ."

అయ్యగారు కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. "అమ్మా, పెళ్లికూతురివి నువ్వే."

"ఆయ్. అందుకే చెబుతున్నానండీ."

"అభ్యంతరం ఏమిటో చెప్పాలి తల్లీ" అన్నారు అయ్యగారు.

"టాకీకి వెళ్లానని నేనే ఒప్పుకున్నాను. అది తప్పని ఒప్పుకోను. ఆ టాకీలో నేను అరిచిన మాట ఇక్కడ ఇంకోసారి అంటానండీ, అది నాక్కూడా వర్తిస్తుంది కాబట్టి. ఆయన రాడు. ఇరవై అడుగుల దూరంలో కూర్చుని కూడా రాడు. రాని మనిషిని నేను చేసుకోను."

అప్పుడు అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఇమ్మానుయేలు గారు కూడా. ఆ మొహంలో కోపం లేదు. ఎంత దిగులు, ఎంత అందం. పుస్తకంలోనైతే ఆ చూపుకు రెండు పేజీలు ఏడ్చేదాన్ని.

మగవాళ్ల వైపు నాన్నగారు లేచారు. నన్ను కొడతారనే అనుకున్నారు అందరూ. ఆయన మధ్య దారి దాటి ఆడవాళ్ల వైపు వచ్చి, "ఎండెక్కుతోంది, పద అమ్మాయీ" అన్నారు. ఆరాధన ముగియకుండా మా నాన్నగారు గుడిలోంచి బయటికి రావడం నేను పుట్టాక ఇదే మొదటిసారి. అత్తయ్య బైబిలు, చెప్పులు, మా ఇద్దరి గొడుగులు అన్నీ చంకన పెట్టుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చింది.

ఇంటికొచ్చి పొద్దుగుంకేదాకా ఏడ్చాను. గంగారత్నం అన్నట్టు సుబ్బరంగా కాదు. కడుపులోంచి, ముక్కు చీదుకుంటూ, అసహ్యంగా. ఆయన్ని ప్రేమించాను కాబట్టి. ఇవాళ కూడా ప్రేమ పోలేదు కాబట్టి. పోకపోతే పోకపోయింది, దానికోసం గట్టు మీద కూర్చోను.

మే 25.

స్కూలు నుంచి కబురు. జూన్‌లో వచ్చి స్కూలు నడిపే దొరసానిగారిని కలవమన్నారు. ఉంచుతారో తీసేస్తారో. కలుస్తాను. తీసేస్తే తీసేశామని నా మొహం మీద చెప్పాలి.

మే 30.

తాడేపల్లిగూడెం నుంచి ఉత్తరం. అవే గుండ్రటి అక్షరాలు. ఆయనకు హెడ్మాస్టరు పని ఖాయమైందట. నా మీద కోపం లేదట.

"ప్రియ రత్నమా, నీ మనస్సు మరలు దినము వరకు, ఎన్ని వత్సరములు గడిచినను, నేను నీకొరకు నిరీక్షించుచునే యుందును."

రెండుసార్లు చదివాను. ఇప్పటికీ ఆయనలా రాసేవాళ్లు ఈ జిల్లాలో లేరు. రెండోసారి చదివేటప్పుడు గొంతు కొంచెం పూడుకుంది కూడా. దాస్తే ఏం లాభం.

"ఏం రాశాడే?" అంది అత్తయ్య.

"నాకోసం ఎదురుచూస్తారట."

"ఎక్కడ?"

"తాడేపల్లిగూడెంలోనే."

"అదేమిటే! ఇక్కడికి రైల్లో గంటన్నరే కదా" అంది అత్తయ్య, నిజంగానే అర్థం కాక.

కార్డు తీసుకుని జవాబు రాశాను. పెద్దగా ఆలోచించలేదు.

"అలాగే. చూస్తూ ఉండండి. రత్నకుమారి."